కొత్త చిలుక వచ్చింది: డాక్టరు దగ్గరికి ఇప్పుడా, అలవాటయ్యాకా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. పోయిన ఆదివారం విజయవాడలో పక్షులు పెంచి అమ్మే ఒకాయన దగ్గర గ్రీన్ చీక్ కాన్యూర్ అనే చిలుక పిల్లను కొన్నాం. మూడు నెలల వయసన్నారు. ఎనిమిదో తరగతి చదివే మా పాప ఏడాదిగా అడుగుతోంది. బాల్కనీలో ఇప్పటికే రెండు కాకటీల్ చిలుకలు ఉన్నాయి. కొత్తదాన్ని డాక్టరుకు చూపిద్దామని నేనంటే, "బాగానే ఉన్న పక్షికి డాక్టరెందుకు" అంటారు మావారు. మా అత్తగారేమో "బెదిరిపోయి ఉంది, నెల రోజులు దాన్ని కదపకండి" అంటున్నారు. అమ్మినాయన ఒక పసుపురంగు పొడి ప్యాకెట్ ఇచ్చి, రోజూ నీళ్లలో కలిపితే ఏ రోగమూ రాదన్నాడు. ఇంకా కలపలేదు. తింటోంది గానీ రెట్ట కొంచెం నీళ్లగా ఉంది. ఎప్పుడు చూపించాలి? మా దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో పక్షులను చూస్తారో లేదో కూడా తెలియదు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం బుధవారం రాత్రి చదివాను. ఏ రోజు చూపించాలో ముందు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఈ శుక్రవారం పొద్దున్నే చూపించండి, కుదరకపోతే శనివారం. వారం మాత్రం దాటనివ్వకండి. ఆ పొడి కలపకండి. కొత్త పిల్లను బాల్కనీ వైపు తీసుకెళ్లకండి.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయలేను. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, కొత్త చప్పుళ్లు. మొదటి రెండు రోజులు పక్షి సరిగా తినదు, రెట్ట పలచగా వేస్తుంది, కర్ర మీద ఒక మూలకు ఒదిగి కూర్చుంటుంది. ఆ రెండు రోజులు దాన్ని దాని మానాన వదిలేయడం మంచిదే. వచ్చిన రోజే పట్టుకుని పరీక్ష చేస్తే బెదురు ఏదో, జబ్బు ఏదో డాక్టరుకు కూడా తేల్చడం కష్టం. అందుకే నేను మూడో రోజు నుంచి ఏడో రోజు లోపు అంటాను. కానీ ఆమె చెప్పిన నెల రోజులు మరీ ఎక్కువ. అరవై డెబ్భై గ్రాముల ప్రాణికి నెల అంటే చాలా పెద్ద కాలం.

మీవారు అన్నమాట వేరు. "బాగానే ఉంది కదా" అని నేనూ ఒకప్పుడు అన్నాను. దాని ఫలితం చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, విజయవాడ సత్యనారాయణపురం నుంచి ఒక మాస్టారు ఫోన్ చేశారు. పిల్లల కోసం లవ్‌బర్డ్స్ జంట కొన్నారు, చూపించాలా అని అడిగారు. తింటున్నాయా అన్నాను. పొద్దస్తమానం గిన్నె దగ్గరే ఉంటున్నాయన్నారు. "అయితే తొందరేం లేదండీ, పది రోజులు అలవాటు పడనిచ్చి తీసుకురండి" అన్నాను. ఆయన నా మాట నమ్మి సరిగ్గా పదో రోజు వచ్చారు. మిఠాయి డబ్బాకు పెన్నుతో చిల్లులు పొడిచి, అందులో ఒక పక్షిని తెచ్చారు. మూత తీస్తే గుండ్రంగా, బొద్దుగా, ఈకలన్నీ ఉబ్బించుకుని కనిపించింది. రొమ్ము మీద వేలు పెట్టాను. రొమ్ము మధ్య నిలువుగా ఉండే ఎముక కత్తి అంచులా తగిలింది. రెండు పక్కలా కండ లేదు. లవ్‌బర్డ్ యాభై గ్రాములకు అటూ ఇటూ ఉండాలి, అది 34 గ్రాములే తూగింది. గిన్నె దగ్గర ఉండడం నిజమే, గింజల పొట్టు ఒలవడమూ నిజమే. కానీ మింగడం లేదు, కింద పడేస్తోంది. గిన్నె నిండా పొట్టు చూసి ఇంట్లోవాళ్లు తింటోందనుకున్నారు. ఆ సాయంత్రానికే పోయింది. మాస్టారు నన్నేమీ అనలేదు, ఫీజు ఎంతని మాత్రం అడిగారు. మూడో రోజే రమ్మని ఉంటే బతికేదేమో అన్న మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

చిలుకల జాతికి జబ్బు దాచుకోవడం పుట్టుకతో వచ్చిన గుణం. అడవిలో నీరసంగా కనిపించిన పక్షినే గద్ద ముందు తన్నుకుపోతుంది. అందుకే ఒంట్లో శక్తి ఉన్నంతసేపూ మామూలుగా ఉన్నట్టే కనిపిస్తుంది. మనకు "డల్‌గా ఉంది" అనిపించే సమయానికి జబ్బు ముదిరి ఉంటుంది. కుక్కకు ఒంట్లో బాగాలేకపోతే మూడు రోజులు అన్నం మానేసి మనకు చెబుతుంది. కాన్యూర్ మూడు రోజులు తినకపోతే చెప్పడానికి ఉండదు. బాగున్నప్పుడు చూపించమనేది ఇందుకే. ఇంకో లాభం కూడా ఉంది. ఇవాళ మీ పిల్ల ఎంత బరువుంది, నోరు లోపల ఎలా ఉంది, రెట్టలో ఏముంది అన్నది కాగితం మీదకెక్కితే, ఆరు నెలల తర్వాత ఏదైనా తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి డాక్టరుకు ఒక ఆధారం ఉంటుంది. అది లేకపోతే ఆ రోజు చీకట్లో తడుముకోవడమే.

శుక్రవారం దాకా మీరు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది, అది పాపకు అప్పగించండి. వంటింట్లో ఒక గ్రాము తేడా కూడా చూపించే డిజిటల్ త్రాసు ఉంటే సరే, లేకపోతే ఒకటి కొనండి. పంజరం తర్వాత అంత ముఖ్యమైన వస్తువు అదే. చిన్న ప్లాస్టిక్ డబ్బా త్రాసు మీద పెట్టి సున్నా చేయండి. పొద్దున నిద్ర లేచి మొదటి పెద్ద రెట్ట వేశాక, మేత పెట్టకముందు, పిల్లను డబ్బాలోకి ఎక్కించి అంకె చూడండి. చేతి మీదకు ఇంకా రాకపోతే డబ్బాలో ఒక పొద్దుతిరుగుడు గింజ వేసి చూపించండి. వెంటపడి పట్టుకోవద్దు. ఒక రోజు కుదరకపోతే మర్నాడు చూసుకోవచ్చు. ఆ అంకెను గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాయండి. గ్రీన్ చీక్ కాన్యూర్ పెద్దదయ్యాక 60 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటుంది. ఒకటి రెండు గ్రాములు రోజూ అటూ ఇటూ అవుతుంటాయి, కంగారు పడొద్దు. వరుసగా తగ్గుతూ వచ్చినా, మొదటి రోజు బరువులో పదో వంతు పోయినా అది జబ్బు కిందే లెక్క. అంటే 60 గ్రాముల పిల్ల 54కి వస్తే ఇక అపాయింట్‌మెంట్ రోజు కోసం చూడకూడదు. మన కంటికి ఆ ఆరు గ్రాములు ఆనవు, ఈకలు కప్పేస్తాయి. త్రాసుకు ఆనుతుంది.

ఇక రెట్ట. నీళ్లగా ఉందన్నారు. పంజరం అడుగున న్యూస్‌పేపర్ తీసేసి తెల్ల కాగితం పరచండి, అప్పుడు తేడా కనిపిస్తుంది. చిలుక రెట్టలో మూడు భాగాలుంటాయి. ఆకుపచ్చగానో గోధుమరంగులోనో చుట్ట చుట్టినట్టున్నది మలం. పక్కనే సున్నంలా తెల్లగా ఉన్నది, చుట్టూ కాగితాన్ని తడిపే నీరు, ఈ రెండూ మూత్రం. ఆకుపచ్చ చుట్ట తన ఆకారంలో తాను ఉండి, చుట్టూ నీరు మాత్రమే ఎక్కువైతే అది విరేచనం కాదు. బెదిరినా, ప్రయాణం చేసినా, దానిమ్మ గింజలో కీర ముక్కో తిన్నా అలా అవుతుంది. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది. ఆ చుట్టే కరిగిపోయి పేస్టులా పరుచుకుంటే అది విరేచనం. తెల్లగా ఉండాల్సిన భాగం పసుపుగానో నిమ్మపండు ఆకుపచ్చగానో మారితే కాలేయం మీద అనుమానం పడాలి. బీట్‌రూట్ పెట్టి ఎర్రటి రెట్ట చూసి హడలిపోయి పరుగెత్తుకొచ్చినవాళ్లూ ఉన్నారు, కాబట్టి ముందు రోజు ఏం పెట్టారో గుర్తుంచుకోండి. మీ పిల్లది చాలావరకు బెదురు రెట్టే అయి ఉంటుందని నా నమ్మకం. తేల్చేది మాత్రం మైక్రోస్కోపే.

ఏవి కనిపిస్తే శుక్రవారం దాకా కూడా ఆగకూడదో చెబుతాను, ఇది ఇంట్లో అందరూ వినాలి. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగడం. ముక్కు తెరిచి ఊపిరి పీల్చడం. కర్ర దిగి పంజరం అడుగున ఈకలు ఉబ్బించుకుని కూర్చోవడం. తిన్నది కక్కి తల మీద ఈకలు అట్టకట్టడం. రెట్టలో నెత్తురు, లేదా తారులా నల్లటి రెట్ట. పూటంతా ఏమీ ముట్టకపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ గంటే బయల్దేరాలి, దారి పొడుగునా వెచ్చగా ఉంచాలి, ఏసీ వేయకూడదు. అన్నట్టు, మధ్యాహ్నం ఒక కాలు పైకి ముడుచుకుని, ఈకలు కొంచెం వదులు చేసి కునుకు తీయడం ఆరోగ్యానికి గుర్తే, దానికి భయపడకండి.

తిండి సంగతి కూడా చూసుకోవాలి. మాస్టారి పక్షి విషయంలో జరిగింది మీ ఇంట జరగకుండా రోజూ సాయంత్రం గిన్నెలో మెల్లగా ఊదండి. పొట్టు ఎగిరిపోతుంది, ఎన్ని గింజలు మిగిలాయో తెలుస్తుంది. డాక్టరుకు చూపించేవరకు మేత మార్చకండి. అక్కడ ఏం తినేదో అదే పెట్టండి, పొద్దుతిరుగుడు గింజలైనా సరే. తర్వాత కొర్రలు, మునగాకు, తోటకూర, క్యారెట్, గుమ్మడి ఒక్కొక్కటిగా అలవాటు చేయవచ్చు. ఒట్టి గింజల మీద పెరిగిన చిలుకకు విటమిన్ ఎ చాలదు, ముందు నోరు, ఊపిరి మార్గం దెబ్బతింటాయి.

ఇప్పుడు ఆ పసుపు పొడి గురించి. చాలాచోట్ల ఇలా ఇచ్చేది టెట్రాసైక్లిన్ జాతి యాంటీబయాటిక్. అమ్మినాయన చెడ్డ ఉద్దేశంతో ఇచ్చాడని నేననను, ఆయనకూ ఎవరో అలాగే చెప్పి ఉంటారు. కానీ అది చేసే హాని పెద్దది. నీళ్లు చేదెక్కితే పక్షి తాగడం తగ్గిస్తుంది, మందు లోపలికి ఎంత వెళ్లిందో ఎవరికీ లెక్క ఉండదు. కడుపులో ఉండాల్సిన మంచి బాక్టీరియా పోతుంది, ఫంగస్ చేరుతుంది. అన్నిటికంటే ముఖ్యం, జబ్బు ఉన్నా పరీక్షలో దొరకదు. చిలుకల నుంచి మనుషులకు కూడా సోకే సిట్టకోసిస్ అనే జబ్బుంది, ప్యారట్ ఫీవర్ అంటారు. క్లమీడియా జాతి సూక్ష్మజీవి వల్ల వస్తుంది. పక్షికి అది తేలితే మామూలుగా 45 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడాలి. ఆ రోజుల్లో పంజరంలో సముద్రపు నురుగు (కటిల్‌బోన్) లాంటి కాల్షియం వస్తువులు కూడా తీసేస్తాం, అవి మందును ఒంటికి పట్టనివ్వవు. 45 రోజుల లెక్క అలాంటిది. నాలుగు రోజులు చిటికెడు పొడి కలిపితే ఆ క్రిమి చావదు, దాక్కుంటుంది. ప్యాకెట్ పారేయకండి, డాక్టరుకు చూపించండి. ఈ ఉత్తరం చదివే ఇంకెవరైనా ఇప్పటికే కలిపేసి ఉంటే, ఎన్ని రోజులు కలిపారో దాచకుండా చెప్పండి. ఎవరూ తిట్టరు.

మీ ఇంట్లో రెండు కాకటీల్స్ ఉన్నాయన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. కొత్త పక్షిని పాత పక్షుల నుంచి 30 నుంచి 45 రోజులు వేరుగా ఉంచాలి. వేరుగా అంటే బాల్కనీలో ఇంకో మూల కాదు, తలుపు వేసుకునే వేరే గది. కాకటీల్ ఈకల నుంచి తెల్లటి పొడి రాలుతుంది, మీరు తుడిచేటప్పుడు చూసే ఉంటారు. గాలిలో ఆ పొడి ఎంత దూరం పోతుందో, ఎండిన రెట్ట ధూళి కూడా అంత దూరం పోతుంది. పొద్దున ముందు కాకటీల్స్‌కు మేత, నీళ్లు ఇవ్వండి, ఆ తర్వాతే కొత్తదాని గదిలోకి వెళ్లండి. బయటికొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గిన్నెలు కలపకూడదు. పాప స్కూలు నుంచి రాగానే దీన్ని భుజం మీద ఎక్కించుకుని తిన్నగా బాల్కనీలోకి పరుగెత్తకుండా చూడండి. అన్నిటికంటే కష్టమైన పని అదేనని తెలుసు. పాపకు కారణం చెప్పండి. ఆ వయసు పిల్లలు కారణం చెబితే మనకంటే నిక్కచ్చిగా పాటిస్తారు.

డాక్టరు చూసి బాగుందన్నాక కూడా ఇన్ని రోజులు ఎందుకంటారా? కొన్ని వైరస్‌లు ఒంట్లో ఉండి కూడా వారాల తరబడి పైకి తేలవు. ముక్కు, ఈకలు పాడుచేసే పీబీఎఫ్‌డీ అలాంటిదే, పాలియోమా వైరస్ కూడా. సిట్టకోసిస్ క్రిమి ఒక రోజు రెట్టలో కనిపిస్తుంది, ఇంకో రోజు కనిపించదు. కాబట్టి శుక్రవారం చూపించేది మొదటిసారి మాత్రమే. వేరుగా ఉంచే గడువు ముగిసే ముందు ఇంకోసారి తూకం, రెట్ట పరీక్ష చేయించి, అప్పుడు కాకటీల్స్‌కు పరిచయం చేయండి.

ఎక్కడ చూపించాలన్నది మీ మరో ప్రశ్న. గుంటూరులో పెంపుడు జంతువుల క్లినిక్ ఏదైనా సరే, వెళ్లే ముందు ఫోన్ చేసి మూడు విషయాలు అడగండి. పక్షులను తరచూ చూస్తారా? గ్రాముల్లో తూచే త్రాసు ఉందా? రెట్టను అప్పటికప్పుడు మైక్రోస్కోప్ కింద చూస్తారా? మూడింటికీ అవునంటే దూరం పోవాల్సిన పనిలేదు. లేదంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కిందిది. అక్కడి ఆసుపత్రికి కూడా ముందే ఫోన్ చేసి, పక్షులు చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కోండి. వైరస్ పరీక్షలకు ఈకనో, నెత్తుటి చుక్కనో పీసీఆర్ చేసే ల్యాబ్‌కు పంపుతారు, అది ఏ ఊరి నుంచైనా పంపవచ్చు. ఆడో మగో తెలుసుకోవాలని పాపకు ఉంటే అదే శాంపిల్‌తో డీఎన్ఏ పరీక్ష కూడా అడగండి, రెండోసారి పట్టుకునే బాధ తప్పుతుంది. కాన్యూర్లలో చూడగానే ఆడా మగా చెప్పడం కుదరదు.

గుంటూరు నుంచి గన్నవరం అంటే మంగళగిరి, తాడేపల్లి దాటి, కృష్ణ దాటి, విజయవాడ ట్రాఫిక్ అంతా దాటి అవతలికి. ఈ ఎండల్లో పొద్దున ఆరున్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి. పెద్ద పంజరం వద్దు, చిన్న క్యారియర్ చాలు. అందులో కర్ర కిందికి ఉంచండి, ఊయల తీసేయండి, నీళ్ల గిన్నె కూడా తీసేయండి, ఒలికి పిల్ల తడుస్తుంది. నీళ్లకు బదులు కీర ముక్క ఒకటి పెట్టండి. మూడు వైపులా పలచటి నూలు గుడ్డ కప్పండి. పిల్ల హుషారుగా ఉంటే ఏసీ వేయవచ్చు గానీ గాలి తిన్నగా దాని మీదికి రాకూడదు. రెక్కలు ఒంటికి దూరంగా పెట్టి నోరు తెరిస్తే వేడి తగిలినట్టే, వెంటనే చల్లటి చోటికి మార్చండి. టీకి ఆగినప్పుడు అద్దాలేసి కారులో వదిలిపెట్టకండి, ఒక్క నిమిషమైనా సరే. అడుగున తెల్ల కాగితం వేసి, పొద్దున కడగకుండా అలాగే తీసుకెళ్లండి. శుభ్రంగా తీసుకెళ్లాలనిపిస్తుంది, కానీ డాక్టరుకు కావాల్సింది ఆ రెట్టే. క్యాలెండర్‌లో రాసిన బరువులు, మేత గుప్పెడు, పొడి ప్యాకెట్, కొన్న బిల్లు వెంట ఉంచుకోండి.

అక్కడ ఏం జరుగుతుందో ముందే తెలిస్తే పాప భయపడదు. మంచి డాక్టరు పక్షిని వెంటనే పట్టుకోరు. మీతో మాట్లాడుతూనే రెండు మూడు నిమిషాలు దూరం నుంచి దాని ఊపిరి, నిలబడే తీరు గమనిస్తారు. తర్వాత చిన్న తువ్వాలుతో పట్టుకుంటారు. తలను రెండు వేళ్ల మధ్య నిలుపుతారు, రొమ్మును మాత్రం నొక్కరు. పక్షికి మనలా పొట్టకూ ఛాతీకీ మధ్య డయాఫ్రం ఉండదు, రొమ్ము కదిలితేనే ఊపిరి ఆడుతుంది. ఇంట్లో కూడా దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకోవద్దని చెప్పేది అందుకే. ముక్కు తెరిచి అంగిట్లో, అంటే నోటి పైకప్పులో, ఉండే చీలిక చూస్తారు. దాని అంచుల్లో చిన్న చిన్న ముళ్లలాంటివి పదునుగా ఉండాలి. మొద్దుబారితే విటమిన్ ఎ లోపమని అనుమానం. మెడ కింద మేత సంచి తడుముతారు, రొమ్ము ఎముక పక్కన కండ చూస్తారు, రెట్ట వేసేచోట ఈకలు శుభ్రంగా ఉన్నాయో లేదో చూస్తారు, గుండె, ఊపిరి వింటారు. పట్టుకుని ఉండేది కొద్ది నిమిషాలే. ఆ తర్వాత రెట్ట పరీక్షకు వెళుతుంది, నులిపురుగులు, జియార్డియా అనే పరాన్నజీవి, ఈస్ట్, బాక్టీరియా కోసం. పక్షి కాలి రింగు మీది నంబరును ఆరోగ్య కార్డు మీద రాయించుకోవడం మర్చిపోకండి.

ఆ రింగు, బిల్లు మీకు ఇంకో చోట కూడా పనికొస్తాయి. కాన్యూర్ దక్షిణ అమెరికా పక్షి, వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. అలాంటి పక్షి మన చేతికొచ్చిన 30 రోజుల్లో పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కాకటీల్స్‌కు ఈ నమోదు అక్కర్లేదు. మన రామచిలుక విషయం వేరు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, అమ్మడం, కొనడం, పెంచడం అన్నీ నేరమే. ఎవరైనా మీ పాపకు దాన్ని బహుమతిగా ఇస్తామన్నా వద్దనండి.

మనుషుల మాట కూడా ఒకటి చెప్పాలి. ట్రే ఎండిపోయాక చీపురుతో ఊడవకండి. నీళ్లు చల్లి తడిపి, కాగితం చుట్టేసి తీయండి, మాస్కు పెట్టుకోండి. అత్తగారికి ఆయాసం గానీ ఉబ్బసం గానీ ఉంటే ఆ పని ఆవిడ చేత చేయించకండి. వచ్చే కొన్ని వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి, పొడి దగ్గు వస్తే మీ డాక్టరుతో "ఇంట్లో కొత్త చిలుక ఉంది" అన్న ఒక్క ముక్క చెప్పండి. అది చెప్పకపోతే మామూలు జ్వరం అనుకుని రోజులు గడిచిపోతాయి. తగిన మందు పడితే తగ్గే జబ్బే అది.

పిల్లను ఉంచిన గది వంటింటికి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరికి పక్షి నిమిషాల్లో పోతుంది, మనకు వాసన కూడా సరిగా తెలియదు. దోమల చుట్ట, సాంబ్రాణి, అగరుబత్తి పొగ ఆ గదిలో వద్దు. దిష్టి తీయాలని అత్తగారు అనుకుంటే హాల్లో తీసి తలుపు వేయమనండి. ఎండుమిర్చి పోపు పొగ కూడా పొగే. చిత్రం ఏమిటంటే మిరపకాయ తింటే మాత్రం చిలుకకు కారం తగలదు, మనకు మంట పుట్టించే కాప్సైసిన్ పక్షుల నాడులకు తెలియదు. గుంటూరు పచ్చిమిర్చిని కీర ముక్కంత తేలిగ్గా నమిలేస్తుంది. పాపకు చూపించండి, ముచ్చటపడుతుంది. అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ, కాఫీ, టీ చుక్క కూడా పెట్టకూడదు.

ఇంకా చేతితో గుజ్జు తాగించాల్సిన పసిపిల్లను కొన్నవాళ్లకు మాత్రం నేను చెప్పిన మూడు నుంచి ఏడు రోజుల లెక్క వర్తించదు. వాళ్లు ఒకటి రెండు రోజుల్లోనే చూపించాలి. గుజ్జు వేడి 40 డిగ్రీల దగ్గర ఉండాలి, కొంచెం ఎక్కువైనా మేత సంచి కాలుతుంది, కొంచెం చల్లారినా అక్కడే పులుస్తుంది. మూడు నెలల మీ పిల్ల తనంతట తను తింటోందంటున్నారు కాబట్టి మీకు ఆ బెంగ లేదు. అయినా బెదురుతో వెనక్కి తగ్గి మళ్లీ నోరు తెరిచి అడిగే పిల్లలుంటాయి. రాత్రి పడుకునే ముందు మేత సంచి కొంచెం ఉబ్బుగా కనిపిస్తే సరిపోయినట్టే.

మీవారిని ఒప్పించడానికి వాదన అవసరం లేదనుకుంటాను. రేపు పొద్దున పిల్లను తూచేటప్పుడు ఆయన్ని పక్కన నిలబెట్టి, త్రాసు మీద అంకె ఆయన చేతే క్యాలెండర్‌లో రాయించండి. శుక్రవారం డాక్టరు తూచిన బరువు, రెట్ట పరీక్షలో ఏం వచ్చిందో నాకు రెండు ముక్కలు రాసి పంపండి. ఏదైనా తేడా ఉంటే తర్వాత ఏం చేయాలో చెబుతాను.